ఇల్లు నిలవాలంటే బస్సు రావాలి

అద్దె ఇల్లు చూడ్డానికి వెళ్లినవాళ్లు నీళ్లు సరిగ్గా వస్తాయా, గాలీ వెలుతురూ ఉన్నాయా, అడ్వాన్స్ ఎంత అని అడుగుతారు. సొంత బండి లేనివాళ్లు వీటితోపాటు ఇంకొకటి కూడా అడుగుతారు: ఇటువైపు ఆఖరి బస్సు ఎన్నింటికి? ఆ ఇంట్లో వాళ్లు ఎన్నాళ్లు నిలవగలరో చాలావరకు ఈ జవాబే తేల్చేస్తుంది.

ఒక పెద్ద ఆఫీసు భవనంలో రాత్రి క్లీనింగ్ పని చేసే మహిళ సంగతి చూడండి. షిఫ్ట్ 10 గంటలకు అయిపోతుంది. ఆమె ఉండే కాలనీకి ఆఖరి బస్సు 9:40కి. తేడా ఇరవై నిమిషాలే. కానీ ఆ ఇరవై నిమిషాల కోసం ఆమె రోజూ క్యాబ్‌కి డబ్బులు పెట్టాలి, లేదా సూపర్‌వైజర్‌ని బతిమాలి ముందే బయటపడాలి. క్యాబ్ ఎక్కితే ఆ రోజు సంపాదనలో పెద్ద ముక్క పోతుంది. ముందే వెళ్లిపోతుంటే రెండు వారాల్లో ఆ షిఫ్ట్ ఇంకొకరికి పోతుంది. ఎటు చూసినా నెలాఖరుకి అద్దెకి కొంత తక్కువ పడుతుంది. ఓనర్ మొదటి నెల సర్దుకుంటాడు, రెండో నెల గట్టిగా అడుగుతాడు, మూడో నెల ఖాళీ చేయమంటాడు. కాగితం మీద మాత్రం కారణం ఒక్కటే ఉంటుంది: అద్దె బకాయి. బస్సు ప్రస్తావన ఎక్కడా కనిపించదు.

అందుకే నగరాల్లో ఇంటి అభద్రత గురించి మాట్లాడేటప్పుడు రవాణా పక్కకు పోతుంది. ఇంటి అభద్రత అంటే రోడ్డున పడటం ఒక్కటే కాదు. అద్దె ప్రతి నెలా వాయిదాల్లో కట్టడం, రెండు కుటుంబాలు ఒకే గదిలో సర్దుకోవడం, ఏడాదిలో మూడుసార్లు ఇల్లు మారడం, ఎవరో తెలిసినవాళ్ల ఇంట్లో నాలుగు రోజులంటూ నాలుగు నెలలు గడపడం కూడా అదే. ఈ కష్టాలకు అద్దెలూ జీతాలూ ఎంత కారణమో, ఇంటికీ పనికీ మధ్య ఉన్న దారి కూడా దాదాపు అంతే కారణం. గృహ నిర్మాణం ఒక శాఖ, రవాణా ఇంకో శాఖ కాబట్టి లెక్కలు విడివిడిగా ఉంటాయి. ఇంట్లో మాత్రం రెండిటికీ డబ్బు ఒకే జీతంలోంచి తీయాలి.

ఊరి నడుమ భూమి ఎందుకు ఖరీదో, అంచుల్లో ఎందుకు చవకో 1964లో ఆర్థికవేత్త విలియం అలాన్సో ఒక సిద్ధాంతంగా చెప్పాడు. కేంద్రానికి దగ్గరగా ఉంటే ప్రయాణం ఆదా అవుతుంది, ఆ ఆదా కోసమే జనం అక్కడ ఎక్కువ ధర పెట్టడానికి పోటీ పడతారు. దూరం వెళ్లేకొద్దీ అద్దె తగ్గుతుంది, ప్రయాణ ఖర్చు పెరుగుతుంది. కాగితం మీద ఇది న్యాయమైన బేరంలాగే ఉంటుంది. అయితే దూరాన్ని తక్కువ ఖర్చుతో దాటే మార్గం ఉన్నవాళ్లకే ఆ బేరం గిడుతుంది. అది లేనివాళ్లు అద్దెలో మిగిల్చుకున్నదంతా దారిలో పోగొట్టుకుంటారు, కొన్నిసార్లు దానికి మించి కూడా.

ఆదాయంలో 30 శాతానికి మించి ఇంటికి ఖర్చయితే ఆ ఇల్లు స్తోమతకు మించినదని చాలా దేశాల్లో ఒక కొలత వాడుతున్నారు. అమెరికా ప్రభుత్వ గృహాల్లో ఇది మొదట 25 శాతంగా ఉండేది, 1981లో 30 చేశారు. ఈ కొలత ప్రకారం ఊరికి దూరంగా ఉన్న చవక ఇల్లు చక్కగా పాసవుతుంది. షికాగోలోని సెంటర్ ఫర్ నైబర్‌హుడ్ టెక్నాలజీ అనే సంస్థ దీన్ని మార్చి, ఇంటి ఖర్చూ ప్రయాణ ఖర్చూ కలిపి ఆదాయంలో 45 శాతం దాటకూడదని ఇంకో సూచీ తయారుచేసింది. ఇలా కలిపి చూడగానే అప్పటిదాకా అందుబాటులో ఉన్నట్టు కనిపించిన ఎన్నో ప్రాంతాలు జాబితాలోంచి జారిపోయాయి. చవకగా కనిపించిన శివారు ఇంటికి రెండు కార్లూ వాటి ఇంధనమూ రిపేర్లూ కలిపితే ఊరి మధ్య ఇంటికంటే ఎక్కువే అవుతోంది.

డబ్బు లెక్క అయినా తేలుతుంది. టైమ్ లెక్క అంత తేలిగ్గా తేలదు. ప్రయాణానికి ఎంతసేపు పడుతుందన్నది ఒక సమస్యయితే, బస్సు ఎప్పుడొస్తుందో తెలియకపోవడం దానికంటే పెద్ద సమస్య. ఎనిమిదింటికి పనిలో ఉండాల్సిన మనిషి, నమ్మకంగా వచ్చే బస్సుంటే ఏడింటికి బయల్దేరితే చాలు. ఒక్కోసారి పది నిమిషాలకీ ఒక్కోసారి యాభై నిమిషాలకీ వచ్చే బస్సయితే ఆరింటికే స్టాప్‌లో నిలబడాలి. ఆ అదనపు గంటకు ఎవరూ జీతం ఇవ్వరు. పైగా ఆ గంటలో పిల్లల్ని ఎవరు చూసుకోవాలి? రెండో చిన్న పని చేసుకుని నాలుగు రూపాయలు వెనకేసుకునే వీలెక్కడ? వెనకేసుకున్నది ఏమీ లేకపోతే ఒక్క జ్వరం చాలు, ఆ నెల అద్దె ఆగిపోవడానికి. ఆర్థికవేత్తలు రాజ్ చెట్టి, నథానియల్ హెండ్రన్ అమెరికాలో తరాల మధ్య ఆదాయాల కదలిక మీద చేసిన పరిశోధనలో, ప్రయాణ సమయం తక్కువగా ఉన్న ప్రాంతాల్లో పేద కుటుంబాల పిల్లలు పైకి రావడం ఎక్కువగా కనిపించింది. ప్రయాణ సమయమే దానికి కారణమని ఇంతమాత్రాన తీర్మానించలేం, కానీ రెండిటి మధ్య సంబంధం మాత్రం బలంగా ఉంది.

ఈ చర్చ కొత్తదేమీ కాదు. 1965లో లాస్ ఏంజలెస్‌లోని వాట్స్ ప్రాంతంలో జరిగిన అల్లర్ల మీద వేసిన మెకోన్ కమిషన్, అక్కడివాళ్లకు పనులు దొరక్కపోవడానికి సరైన బస్సులు లేకపోవడం కూడా ఒక కారణమని అదే ఏడాది తన నివేదికలో రాసింది. మూడేళ్ల తర్వాత, 1968లో, ఆర్థికవేత్త జాన్ కెయిన్ షికాగో, డెట్రాయిట్ నగరాల లెక్కలు చూపించి, ఉద్యోగాలు శివార్లకు తరలిపోతుంటే ఇళ్ల విషయంలో వివక్ష వల్ల నల్లజాతివాళ్లు ఊరి మధ్యే చిక్కుబడిపోయారని వాదించాడు. ఇక్కడ దిశ తలకిందులైంది: పేదలు మధ్యలో, పని అంచుల్లో. చాలా ఇతర దేశాల్లో పేదలు అంచుల్లో, పని మధ్యలో. దిశ ఎటైనా ఇంటికీ పనికీ మధ్య నమ్మదగిన బస్సు లేకపోతే ఫలితం ఒక్కటే.

సొంత ఇల్లు వచ్చేస్తే అభద్రత పోతుందనుకోవడం సహజం. మెక్సికో అనుభవం చూశాక అలా అనుకోలేం. 2000 తర్వాతి దశాబ్దంలో అక్కడ ఇన్ఫోనావిట్ అనే జాతీయ సంస్థ ద్వారా కార్మికులకు లక్షల సంఖ్యలో ఇంటి రుణాలు ఇచ్చారు. బిల్డర్లు భూమి చవగ్గా దొరికే చోట, అంటే ఊళ్లకు చాలా దూరంగా, ఒకే అచ్చులో పోసినట్టు వేల ఇళ్లు వరసగా కట్టేశారు. 2010 జనాభా లెక్కల నాటికి దేశంలో దాదాపు 50 లక్షల ఇళ్లు ఖాళీగా ఉన్నాయి, అంటే సుమారు ఏడింటిలో ఒకటి. అన్నిటికీ కారణం దూరమే కాదు. కొన్ని ఉత్తరాది నగరాల్లో హింస వల్ల జనం వెళ్లిపోయారు, కొన్నిచోట్ల నీళ్లూ కరెంటూ సరిగ్గా లేవు. కానీ పనికి వెళ్లిరావడానికే రోజులో మూడు నాలుగు గంటలు పోతుంటే, నెలనెలా కిస్తీ కడుతున్న సొంత ఇంటికే తాళం వేసి ఊరికి దగ్గరగా అద్దె గది వెతుక్కున్నవాళ్లు ఎందరో. రెండు ఇళ్ల ఖర్చు మోయలేక చివరికి కిస్తీలు ఆపేశారు. ఆ తర్వాత, 2013 నుంచి, ఊరికి ఎంత దగ్గరగా ఇల్లు ఉందన్నదాన్ని బట్టి సబ్సిడీ ఇచ్చే పద్ధతి తెచ్చారు. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష ప్రభుత్వం నల్లజాతివాళ్లను కావాలనే నగరాలకు దూరంగా నెట్టింది. 1994 తర్వాత వచ్చిన ప్రజాస్వామ్య ప్రభుత్వం పేదలకు పెద్ద ఎత్తున ఉచిత ఇళ్లు కట్టించింది, కానీ చవక భూమి కోసం చాలా వరకు ఆ అంచుల్లోనే కట్టింది. ఉద్దేశం మంచిదే. భూమి ధర చూసుకున్నారు, ఆ ఇంట్లోంచి రోజూ పనికి పోయే దారి చూసుకోలేదు.

ఇల్లు పోయే చివరి ఘట్టంలో కూడా బస్సు పాత్ర ఉంటుందని చూపించిన ఒక అధ్యయనం చదివినప్పుడు మనసు కలుక్కుమంటుంది. ఫిలడెల్ఫియాలో 2005 నుంచి 2021 వరకు ఖాళీ చేయించే కేసులను, రెండు లక్షలకు పైగా, డేవిడ్ హాఫ్‌మన్, ఆంటన్ స్ట్రెజ్‌నెవ్ అనే ఇద్దరు పరిశోధకులు పరిశీలించారు. అద్దెకున్నవాళ్లు వాయిదా రోజున కోర్టుకు రాకపోతే కేసు ఓనర్ వైపు తేలిపోతుంది. ఇంటి నుంచి కోర్టుకు బస్సులో, రైల్లో పట్టే సమయం ఎక్కువయ్యేకొద్దీ ఇలా రాకుండానే ఓడిపోయేవాళ్లు పెరిగారు. గంట ప్రయాణం పెరిగితే ఆ అవకాశం సుమారు 4 నుంచి 9 శాతం పాయింట్ల మధ్య పెరిగింది. కోవిడ్ సమయంలో కోర్టుకు రాకుండానే హాజరయ్యే వీలు ఇచ్చినప్పుడు ఈ తేడా పోయింది. అంటే ఆ మనుషుల దగ్గర చెప్పుకోవడానికి ఏదో ఉంది. చెప్పుకునే చోటికి చేరడమే కష్టమైంది.

ఇల్లు పోయాక బస్సే ఇల్లు కావడం కూడా జరిగింది. కాలిఫోర్నియాలోని సిలికాన్ వ్యాలీలో పాలో ఆల్టో, శాన్ హోసే నగరాల మధ్య రాత్రంతా నడిచిన 22వ నంబరు బస్సును జనం 'హోటల్ 22' అని పిలిచేవాళ్లు. ఇళ్లు లేనివాళ్లు ఆ బస్సెక్కి, చివరి స్టాప్ వచ్చేదాకా కునుకు తీసి, దిగి, మళ్లీ ఎక్కేవాళ్లు. వాళ్లలో పగలు ఉద్యోగాలు చేసేవాళ్లూ ఉన్నారు. ప్రపంచంలో అత్యంత సంపన్న కంపెనీలున్న ప్రాంతం నడుమ ఆ బస్సు తిరిగేది.

ఇంతవరకూ చెప్పింది రవాణా లేకపోతే ఏమవుతుందో. రవాణా వస్తే ఏమవుతుందన్నది ఇంకా చిక్కు ప్రశ్న. మెట్రో లైను ప్రకటించగానే, పట్టాలు పడకముందే, స్టేషన్ రాబోయే చోట భూమి ధర పెరుగుతుంది. ఆ తర్వాత అద్దెలు. సొంత ఇల్లున్నవాళ్లకు ఇది కలిసొచ్చిన అదృష్టం. అద్దెకున్నవాళ్లకు మాత్రం బ్యారికేడ్లూ దుమ్మూ శబ్దమూ నాలుగైదేళ్లు భరించి, తీరా రైలు మొదలయ్యే నాటికి సామాను సర్దుకోవాల్సిన పరిస్థితి. ఓనర్ ఎవరినీ బయటికి గెంటక్కర్లేదు. అగ్రిమెంట్ గడువు తీరగానే కొత్త అద్దె చెబితే చాలు. అందుకే ఇలా వెళ్లిపోయినవాళ్లు ఏ లెక్కలోనూ దొరకరు, రికార్డుల్లో అది ఇల్లు మారడమే.

ఇందులో ఇంకో దెబ్బ కూడా ఉంది. అమెరికాలోని నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీ పరిశోధకులు 2010లో, 1990 నుంచి 2000 మధ్య కొత్తగా రైలు స్టేషన్లు వచ్చిన 42 ప్రాంతాలను 12 మహానగరాల్లో పరిశీలించారు. చాలా చోట్ల అద్దెలు పెరిగాయి, ఆదాయం ఎక్కువున్నవాళ్లు వచ్చి చేరారు, వాళ్లతోపాటు కార్లూ పెరిగాయి. ఏ రైలు ఎవరి కోసం వేశారో వాళ్లు రైలు లేని చోటికి వెళ్లిపోయారు. వాళ్ల స్థానంలో వచ్చినవాళ్లకు రైలు సౌకర్యమే గానీ, అది లేకపోతే పని ఆగిపోయే అవసరమేమీ లేదు. కొన్నిచోట్ల టికెట్లు కొనేవాళ్లు కూడా అనుకున్నంతగా పెరగలేదు. ప్రజల డబ్బుతో వేసిన లైను ఇలా తన ప్రయాణికుల్నే పోగొట్టుకోవడం ఇంటి సమస్యగా ఎంత బాధాకరమో, రవాణా శాఖ లెక్కల్లోనూ అంతే నష్టం.

బస్సు రూటు వల్ల భూమి ధర ఇంతగా పెరగదు. పట్టాలు వేశాక లైను ఎటూ పోదని కొనేవాళ్లకు నమ్మకం, బస్సు రేపు దారి మార్చుకోవచ్చు. పేదల వైపు నుంచి చూస్తే ఇందులో మంచీ ఉంది, భయమూ ఉంది. బస్సు వచ్చినందుకు అద్దె రెట్టింపు కాదు. కానీ నష్టాలొస్తున్నాయని ఒక ఆర్డర్ మీద ట్రిప్పులు తగ్గించేస్తే, ఆ బస్సును నమ్ముకుని అక్కడ ఇల్లు తీసుకున్న కుటుంబాలకు అది దాదాపు ఖాళీ చేయమన్న నోటీసే. సాధారణంగా ముందు ఎగిరిపోయేవి తెల్లవారుజామువీ, రాత్రి పొద్దుపోయాక నడిచేవీ, ఆదివారాలవీ. క్లీనింగ్, సెక్యూరిటీ, హాస్పిటల్, హోటల్ పనులు నడిచేదీ ఆ వేళల్లోనే. సగటు ప్రయాణికుల సంఖ్య చూసి ట్రిప్పులు తీసేసే అధికారికి ఆ బస్సులో కూర్చున్న పన్నెండు మంది తక్కువగానే కనిపిస్తారు. ఆ పన్నెండు మందికి వేరే దారి ఉందా లేదా అన్నది ఆ సగటులో ఎక్కడా కనబడదు.

టికెట్ ధర దగ్గర ఒక చిన్న విషయం, చిన్నదే గానీ చాలా ముఖ్యమైంది. రోజూ తిరిగేవాళ్లకు నెల పాస్ సాధారణంగా రోజు టికెట్ల కంటే చవక. కానీ పాస్‌కి నెల మొదట్లో ఒకేసారి డబ్బు కట్టాలి, సరిగ్గా అద్దె కట్టే రోజుల్లోనే. చేతిలో అంత లేనివాళ్లు రోజూ టికెట్ కొంటూ నెల తిరిగేసరికి పాస్ కొన్నవాళ్ల కంటే ఎక్కువ కట్టేస్తారు. దీనికి విరుగుడు ఉంది. లండన్ 2005లో ఆయిస్టర్ అనే ప్రయాణ కార్డు మీద రోజువారీ పరిమితి పెట్టింది: ఎన్నిసార్లు ఎక్కినా ఒక మొత్తం దాటాక ఆ రోజుకిక డబ్బు కోయరు. ఇదే పద్ధతిని వారానికీ నెలకీ పెడితే పాస్ కొనే స్తోమత లేనివాళ్లకు కూడా పాస్ ధరే పడుతుంది. బ్రెజిల్ 1985 నాటి చట్టంతో ఇంకో దారి పట్టింది. ఉద్యోగి మూల జీతంలో 6 శాతం వరకే ప్రయాణానికి కట్టాలి, మిగిలింది యజమాని భరించాలి. ఇది పెద్ద ఊరటే. అయితే అనధికారికంగా పనిచేసేవాళ్లకు ఇది వర్తించదు, పైగా దూరం నుంచి వచ్చే మనిషిని పెట్టుకుంటే యజమానికి ఖర్చెక్కువ అనే లెక్క కూడా తలెత్తుతుంది. శివార్లలో ఉండే పేద మనిషికి ఉద్యోగం ఇవ్వకపోవడానికి అదొక కారణం కాకూడదు. భారాన్ని ఒక్కో యజమాని మీద కాకుండా మొత్తం సంస్థల మీద ఒకే రేటు పన్నుగా వేయడం దీనికంటే మేలు. ఫ్రాన్స్ 1971లో ప్యారిస్ ప్రాంతంతో మొదలుపెట్టిన రవాణా పన్ను అలాంటిదే.

మరి మెట్రో వస్తే అద్దెలు పెరుగుతాయని మెట్రోలు వద్దనాలా? అలా అంటే పేదల కాలనీలు ఎప్పటికీ బస్సుల్లేకుండా, చవగ్గా, దూరంగా ఉండిపోవాలని చెప్పినట్టే. తేల్చుకోవాల్సింది ఒక్కటే, భూమి ఎవరి చేతిలో ఉంది, ఎప్పటి నుంచి. లైను ప్రకటించాక ఇళ్ల కోసం భూమి కొనాలంటే, ప్రభుత్వం తన డబ్బుతో తనే పెంచిన ధరను మళ్లీ తనే చెల్లించాలి. స్టాక్‌హోమ్ నగరం ఈ సంగతి ముందే గ్రహించింది. 1904 నుంచే చుట్టుపక్కల భూములు కొనడం మొదలుపెట్టింది, అప్పటికి అక్కడ మెట్రో ఆలోచనే లేదు. అర్ధశతాబ్దం తర్వాత అదే భూముల్లో వెలింగ్‌బీ లాంటి శివారు పట్టణాలు వెలిశాయి. మెట్రో 1952లో చేరింది, పట్టణ కేంద్రం 1954లో తెరుచుకుంది. కొలంబియాలో బొగొటా నగరం 1990ల చివర్లో మెట్రోవివియెండా అనే సంస్థ పెట్టి, ట్రాన్స్‌మిలేనియో బస్సు కారిడార్లు, అంటే బస్సుల కోసమే కేటాయించిన దారులు, రాకముందే శివార్లలో భూమి కొని, పేదల ఇళ్లకు కేటాయించాలనుకుంది. ఆలోచన చాలా గొప్పది, కానీ నగర అవసరంతో పోలిస్తే కొన్న భూమి తక్కువ. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం 2015లో చేసిన చట్టం ఇంకాస్త ఆలస్యంగా, లైను కట్టాక మిగిలే భూమి దగ్గర పట్టుకుంటుంది. సియాటెల్ ప్రాంతపు సౌండ్ ట్రాన్సిట్ సంస్థ తనకిక అవసరం లేని భూమిలో ఇళ్లకు పనికొచ్చేదాన్ని కనీసం 80 శాతం మేరకు ముందుగా అందుబాటు ధర ఇళ్లు కట్టేవాళ్లకే ఇవ్వజూపాలి. అక్కడ కట్టే ఇళ్లలో కూడా కనీసం 80 శాతం, ఆ ప్రాంతపు మధ్యస్థ ఆదాయంలో 80 శాతానికి మించని కుటుంబాలకే దక్కాలి. మిగులు భూమి ఎంతైనా మిగులే కాబట్టి దీనికి హద్దు ఉంది. అయినా స్టేషన్ పక్క స్థలాన్ని వేలంలో ఎక్కువ పాడినవాళ్లకి అమ్మేయడం కంటే ఇది ఎన్నో రెట్లు నయం.

భూమితోపాటు అద్దె ఒప్పందాలకూ రక్షణ ఉండాలి. స్టేషన్ చుట్టుపక్కల, కనీసం నిర్మాణం జరిగే ఏళ్లలోనైనా, అద్దె ఏటా ఎంత పెంచవచ్చో పరిమితి పెట్టకపోతే కొత్త ఇళ్లు కట్టేలోపే పాతవాళ్లు వెళ్లిపోతారు. ఇక స్టేషన్ దగ్గర ఎక్కువ ఇళ్లు కట్టనివ్వడం కూడా అవసరమే. నాలుగు అడుగుల దూరంలో మెట్రో ఉన్నా రెండంతస్తులకు మించి అనుమతి లేకపోతే, ఉన్న కొద్ది ఇళ్ల కోసం పోటీలో నెగ్గేది ఎక్కువ డబ్బున్నవాళ్లే.

వియన్నాలో జనాభాలో సుమారు సగం మంది నగరపాలిక ఇళ్లలోనో, పరిమిత లాభంతో నడిచే సంస్థల ఇళ్లలోనో ఉంటారు. అక్కడ పాత విమానాశ్రయం స్థలంలో జేష్టాట్ అనే కొత్త ఉపనగరం కట్టాలనుకున్నప్పుడు, ముందు ఇళ్లు కట్టి జనం నిండాక బస్సు సంగతి చూద్దామనుకోలేదు. యూ2 మెట్రో లైనును అక్కడిదాకా పొడిగించి 2013 అక్టోబరులో రైళ్లు నడపడం మొదలుపెట్టారు. అప్పటికి చుట్టూ క్రేన్లూ మట్టి కుప్పలే. మరుసటి ఏడాది మొదటి కుటుంబాలు సామాను దించుకునే నాటికి, మర్నాడు పొద్దున పనికి వెళ్లడానికి రైలు సిద్ధంగా ఉంది.